సున్నము క్రింది బీట

పఠనము: యెహెజ్కేలు 13:10-16, లూకా 6:46-49

క్రిస్మసు సమీపించగానే మన పల్లెలలో ఇంటింట సున్నము నానబెట్టుదుము. వానకాలపు మరకలు, గోడల బీటలు అన్నియు ఆ తెల్లదనము క్రింద మరుగుపడును. మరల వేసవి వచ్చుసరికి అవే బీటలు, అదే చోట, మరికొంత వెడల్పుగా కనబడును.

కారణము నల్లరేగడిలో ఇల్లు కట్టుకొన్నవారికి తెలియును. రేగడి వాన నీటికి ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చును. ఈ కదలిక సుమారు 3.5 మీటర్ల లోతువరకు ఉండునని ఇంజనీర్లు చెప్పుదురు. రెండు మూడడుగుల లోతున వేసిన కాంక్రీటు పునాది ఎంత గట్టిదైనను, క్రింది నేల ఒకవైపు లేచి మరియొకవైపు దిగునప్పుడు తట్టుకొనలేదు. కిటికీ మూలనుండి ఏటవాలుగా దిగిన బీట తరచుగా ఆ సంగతినే చెప్పును. కాంక్రీటు ఆరునప్పుడు పైపైన పడు వెంట్రుకవంటి గీతలకు ఇంత భయము అక్కరలేదు. ప్రతి గీతను చూచి హడలిపోవువారును సంఘములో ఉన్నారు!

అనుభవముగల మేస్త్రీ వెంటనే తాపీ పట్టడు. బీటకు అడ్డముగా పలుచని గాజుముక్కను సిమెంటుతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాసి, కొన్ని నెలలు కనిపెట్టును. గాజు పగిలినయెడల బీట ఇంకను కదులుచున్నదన్నమాట. తరువాత నీటిని వెదకును. చూరు నీరు గోడ మొదట పడుచున్నదా? స్నానపు నీరు అక్కడనే ఇంకుచున్నదా? ప్రక్కనున్న పెద్ద చెట్టు వేసవిలో తేమ పీల్చుచున్నదా? అది సరిచేయక పూసిన సిమెంటు వ్యర్థము. పునాది నిజముగా దిగినచో, దాని క్రింద త్రవ్వి క్రొత్త కాంక్రీటు వేయవలెను. అదియు మూడు నాలుగడుగుల చొప్పున, ఒక భాగము గట్టిపడిన తరువాతనే దాని ప్రక్కది. ఒకేసారి అంతయు త్రవ్వినవాడు ఇంటిని తనమీదనే కూల్చుకొనును.

సమాధానము లేని చోట సమాధానమని చెప్పినవారిని యెహెజ్కేలు, బలములేని గోడకు పూత పూయువారితో పోల్చెను. మన సంఘములలో అట్టి గోడలు లేవా? గట్టు తగవులో విడిపోయిన అన్నదమ్ములు ఏండ్ల తరబడి ఒకే ఆరాధనలో చెరియొక ప్రక్కను కూర్చుందురు. పండుగనాడు పెద్దలు వారి చేతులు కలిపి, ప్రార్థన చేసి, తీరిపోయినదందురు. మరల దుక్కి దున్నునప్పటికి గాజు పగులును.

బండమీది ఇంటిని గూర్చి మత్తయియు లూకాయు వ్రాసిరి. లోతుగా త్రవ్విన సంగతి మాత్రము లూకాయే చెప్పెను. అది కష్టమైన పని, ఇల్లు లేచిన తరువాత ఎవరికిని కనబడని పని. క్రీస్తను బండకు బీట లేదు. మనమే అంతవరకు త్రవ్వలేదు. గట్టు ఎవరు జరిపిరి? తల్లి నగలలో ఎవరికి అన్యాయము జరిగెను? చెల్లెలికి ముట్టవలసినది ముట్టెనా? ఒక్కొక్క సంగతి, ఒక్కొక్క దినము, ఇద్దరి యెదుట విచారింపవలెను. తప్పు చేసినవాడు నోట క్షమాపణ అడుగుటతో ఆగక, కలుపుకొన్న నేల జానెడైనను తిరిగి విడువవలెను. జక్కయ్య పశ్చాత్తాపము అతని డబ్బు సంచిని గూడ తాకినది గదా.

సంఘపెద్దలారా, ఈ యేడు సున్నము నానబెట్టుటకు ముందే ఆ ఇద్దరిని వెంటబెట్టుకొని పొలమునకు వెళ్లుడి. కొలత త్రాడు మరువకుడి.