వినే మనిషి ఎంత దూరంలో ఉన్నారు?

"అరవకు" అంటాం. ఏం చేయకూడదో చెబుతామే గానీ ఏం చేయాలో చెప్పం. మా మనవరాలు ఆ మాట విని ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ అదే గొంతుతో మొదలుపెడుతుంది. దాన్ని మొండితనం అనడం అన్యాయం. తన గొంతు అవతలివాళ్ల చెవిలో ఎలా మోగుతుందో అయిదేళ్ల పిల్లకు ఎవరు చెప్పారని?

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. చెన్నైలో మా టి.నగర్ ఫ్లాట్‌లో ఎండాకాలం ఫ్యాను ఆగదు. వంటింట్లో కుక్కరు విజిల్, హాల్లో టీవీ, కింద ఆటోల హారన్లు. వీటన్నిటినీ దాటి తన మాట మనకు చేరాలని పిల్ల తాపత్రయం. అందుకే ముందు తగ్గాల్సింది టీవీ, ఆ తర్వాత పెద్దల గొంతులు. వెనక నుంచి పిలిస్తే పలకని పిల్లకయితే మందలింపు కాదు, చెవి పరీక్ష కావాలి. వినికిడి తగ్గిన పిల్లలు అతి గట్టిగానో అతి మెల్లగానో మాట్లాడవచ్చు.

నాకు దారి కనిపించింది మైలాపూరులో, పిల్ల సంగీతం నేర్చుకునే చోట. మాయామాళవగౌళలో సరళీ వరసలు. పిల్లలు పోటీపడి గొంతెత్తితే ఆ తమిళ టీచరమ్మ కోప్పడదు. "శ్రుతి కేక్కుదా?" అని అడుగుతుంది, శ్రుతి వినిపిస్తోందా అని. వినాలంటే పిల్లలు గొంతు దించక తప్పదు. ఆమె తగ్గించమని చెప్పనే లేదు, వినమంది. గొంతును అదుపు చేసేది నాలుక కాదు, చెవి అని నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఇంట్లోనూ "తాతయ్య ఎక్కడున్నారు?" అనే అడుగుతాను. పక్క కుర్చీలోనా, బాల్కనీలోనా? పిల్ల తలతిప్పి చూస్తుంది. ఆ చూపుతోనే సగం సర్దుకుంటుంది.

దూరమంటే అరుపు అనే లెక్క మాత్రం పెద్దవాళ్లకే వదలదు. అమెరికాలో ఉన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు సముద్రాలు దాటించాలన్నట్టు కేకలేస్తాం. రేడియోలో మాత్రం ఆ లెక్క చెల్లదు. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. అక్కడ తెలుగు పిల్లల కార్యక్రమాలు నడిపిన రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి దంపతులను తలచుకున్నప్పుడల్లా ఆ మైకు ముందు నిలబడ్డ పిల్లలే మనసులో మెదులుతారు. వినేవాళ్లు ఊళ్ల అవతల, మైకు జానెడు దూరంలో. కనిపించని మనిషి కూడా మెల్లటి మాట వింటాడన్న నమ్మకం పసివాళ్లకు కలగడం చిన్న విషయం కాదు.

తగ్గించమనే ముందు ఎందుకు తగ్గించమంటున్నామో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. సిటీ బస్సులో పిల్ల తెలుగులో గలగలా మాట్లాడుతుంటే "ష్" అంటాం. పక్కవాళ్లకు ఇబ్బందనా, మన భాష నలుగురికీ వినపడుతోందనా? రెండోదయితే ఆ "ష్" పిల్ల మనసులో భాష మీదే పడుతుంది. అన్నదమ్ములు అరిస్తే ఆట అని, తను అరిస్తే ఆడపిల్లవని ఆపినా అంతే. మా పిల్ల మెరీనా గాలిలో ఎదురుగా ఉన్న నన్ను "అమ్మమ్మా!" అని ఎంత గట్టిగా పిలిచినా నేను ఆపను. అక్కడ అలల హోరు దాటాలంటే ఆ గొంతు కావాలి.