చలికాలపు వెనిస్, ఇద్దరి తీరిక

మూఢం వచ్చిందంటే మన ఊళ్ళలో కల్యాణ మండపాలు ఖాళీ. హాలు అదే, వంటశాల అదే, వేదికా అదే. ముహూర్తాలు లేవు కాబట్టి అడిగేవాళ్ళుండరు, అడిగేవాళ్ళు లేరు కాబట్టి అద్దె దిగుతుంది. నగరాల ధరలూ ఇలాగే ఎక్కి దిగుతాయి. వేసవిలో వెనిస్ హోటల్‌కు కట్టే డబ్బులో పెద్ద వాటా, ఆ వారమే అందరూ అక్కడికి రావాలనుకున్నందుకు పడే భారం. ఇద్దరు కలిసి తక్కువ ఖర్చులో ఒక నగరం చూసి రావాలంటే జనం పోని చలికాలంలో పోవాలన్న సలహా వెనక ఉన్నది ఈ లెక్కే. సలహా మంచిదే గానీ సగంలో ఆగిపోతుంది. డబ్బు మిగులుతుందని చెబుతుంది, మిగిలినదాన్ని ఏం చేయాలో చెప్పదు. ఆ డబ్బుతో ఇంకో రెండు ఊళ్ళు చుట్టబెట్టే బదులు అదే ఊళ్ళో ఇంకొన్ని రాత్రులు ఉండాలని నా వాదన. అలా ఉన్న జంటకు సీజన్‌లో ఎంత పెట్టినా దొరకని తీరిక దొరుకుతుంది. వాళ్ళు వెళ్ళిన ఊరికీ అదే మేలు.

వెనిస్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. రద్దీ మాట వస్తే ప్రపంచమంతా ముందుగా చెప్పుకునే ఊళ్ళలో అదొకటి. అలాంటి చోట కూడా ఏడాదిలో కొన్ని వారాలు పలచబడతాయి. ఇటలీలో క్రిస్మస్ సెలవులు జనవరి 6న ఎపిఫనీ పండుగతో ముగుస్తాయి. అప్పటి నుంచి కార్నివాల్ మొదలయ్యేదాకా ఉన్న కాలమే ఆ ఖాళీ. కార్నివాల్ తేదీ ఈస్టర్‌ను బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 2026లో దాని ఆఖరి రోజు ఫిబ్రవరి 17, 2027లో ఫిబ్రవరి 9. వేడుకలు అంతకు రెండు వారాలకు పైగా ముందే మొదలవుతాయి కాబట్టి ఏ ఏటికా ఏడు కేలండర్ చూసుకోవాల్సిందే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1797లో వెనిస్ గణతంత్రం కూలిపోయాక ఆ కార్నివాల్ మూలపడింది. చలికాలంలో ఊరికి కళ తేవాలని 1980 ప్రాంతంలో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఫిబ్రవరి చలిలో మార్పేమీ లేదు, పొగమంచూ తగ్గలేదు. అయినా జనం వచ్చారు, గదుల ధరలు పెరిగాయి. సీజన్ అనేది ఎక్కువ భాగం మనుషులు కుదుర్చుకున్న ఏర్పాటేనని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఏర్పాటే అయినప్పుడు అందులో చేరాలా వద్దా అన్నది మన ఇష్టం.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఇద్దరి ప్రయాణ ఖర్చులో ఒక భాగం ఎన్నాళ్ళున్నా మారదు: రానూ పోనూ టికెట్లు, షెన్‌గెన్ వీసా. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు వీసా రుసుము తలకు 90 యూరోలు. చలికాలమని ఒక్క యూరో కూడా తగ్గదు. రెండో భాగం రోజులతో పాటు పెరిగేది: గది అద్దె, తిండి, పడవ టికెట్లు. జనవరిలో బాగా దిగేది గది అద్దె. అంటే తగ్గింపు ఉన్నది రాత్రుల మీద. ఎక్కువ రాత్రులు ఉన్నవాళ్ళకే అది ఎక్కువ అందుతుంది. రెండు రాత్రులకు పోయి వచ్చే జంట మారని ఖర్చంతా రెండు రోజుల నెత్తినే వేస్తుంది. ఆరు రాత్రులుంటే అదే ఖర్చు ఆరు రోజులకు పంచుకుంటుంది. అదే ఆరు రాత్రుల్లో రోమ్, ఫ్లోరెన్స్ కూడా కలుపుకుంటే ఊరు మారిన ప్రతిసారీ రైలు టికెట్లతో పాటు ఒక పూట కూడా పోతుంది. తొమ్మిది గంటల చుట్టూ మాత్రమే ఉండే జనవరి పగటిలో పూట పోవడమంటే చిన్న నష్టం కాదు.

గది ఎక్కడ దొరుకుతుందన్నది కూడా ఈ లెక్కలోదే. సీజన్‌లో మామూలు జీతాలవాళ్ళు నేలమీదున్న మెస్త్రేలో దిగి, పొద్దున్నే పది నిమిషాల రైల్లో వెనిస్ ద్వీపానికి పోయి, రాత్రికి తిరిగొస్తారు. వాళ్ళు చూసే వెనిస్ అందరూ చూసే వేళల్లోని వెనిస్. జనవరిలో ఆ బడ్జెట్‌తోనే ద్వీపం మీద, రద్దీకి దూరంగా ఉండే కన్నరేజో లాంటి పేటలో గది వెతుక్కోవచ్చు. అక్కడ దిగితే రవాణా ఖర్చు సగం తనంతట తానే పోతుంది. వాపొరెట్టో అనే జనాల పడవకు 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, కానీ ద్వీపంలో ఉన్నవాళ్ళకు చాలా రోజులు కాళ్ళే చాలు. గొండోలా విహారానికి పగటిపూట అధికారిక ధర అరగంటకు 90 యూరోలు. గ్రాండ్ కెనాల్‌ను అడ్డంగా దాటించే ట్రాగెత్తో కూడా గొండోలా జాతి పడవే. అందులో తలకు 2 యూరోలిచ్చి, మార్కెట్ సంచులు పట్టుకున్న ఊరివాళ్ళ పక్కన కాసేపు నీటి మీద ఉండవచ్చు. ఆ రెండు నిమిషాల దాటింపు ఊరి జీవితంలో ఒక భాగం, అరగంట విహారం ఊరి వ్యాపారంలో ఒక భాగం. తక్కువ ఖర్చు అన్నప్పుడల్లా తక్కువ అనుభవమే దక్కాలని ఎక్కడా లేదు.

చలికాలాన్ని మిగిలిపోయిన సరుకులా చూడడంలో ఇంకో పొరపాటుంది. వెనిస్ సొంత జీవితం నిండుగా నడిచేది ఆ నెలల్లోనే. టికెట్ కొన్న ఎవరికైనా తలుపు తెరిచిన మొట్టమొదటి ఒపేరా నాటకశాల శాన్ కస్సియానో అక్కడ 1637లో, చలికాలపు కార్నివాల్ రోజుల్లోనే మొదలైంది. ఈనాటికీ లా ఫెనీచే ఒపేరా శాలలో ప్రదర్శనలు, కా ఫోస్కరి విశ్వవిద్యాలయంలో తరగతులు, పరీక్షలు చలికాలమంతా సాగుతాయి. ఊరి గుండెకు దగ్గరైన పండుగ కూడా ఆ కాలానిదే. 1630-31 ప్లేగు నుంచి బయటపడినందుకు మొక్కుగా కట్టిన సలూతే చర్చికి నవంబరు 21న జనం కొవ్వొత్తులతో వెళతారు. ఆ కొద్ది రోజుల కోసం గ్రాండ్ కెనాల్ మీద తాత్కాలిక వంతెన వేస్తారు. పొగపెట్టి ఎండబెట్టిన గొర్రెమాంసం, క్యాబేజీ వేసి పులుసులా కాచిన కస్త్రాదీనా ఆ రోజుల వంట. నోబెల్ బహుమతి పొందిన కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ 1972 డిసెంబరులో మొదటిసారి వెనిస్ చూశాడు. అమెరికాలో పాఠాలు చెబుతూ ఆ తర్వాత దాదాపు ఏటా చలికాలపు సెలవుల్లోనే అక్కడికి వెళ్ళాడు, ఆ రాకల మీద వాటర్‌మార్క్ అనే పుస్తకం రాశాడు. అతని సమాధి ఆ ఊరి శాన్ మికేలే ద్వీపంలో ఉంది. ఒకే ఊరికి, ఒకే రుతువులో, మళ్ళీ మళ్ళీ పోవడంలో ఎంత సంపద ఉందో ఆ ఒక్క పుస్తకం చాలు చెప్పడానికి.

సీజన్‌కూ చలికాలానికీ ఉన్న తేడా దగ్గరగా చూస్తే ఇంకా తెలుస్తుంది. స్కూలా గ్రాందే ది శాన్ రొక్కో అనే భవనంలో తింతొరెత్తో 1564 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా వేసిన చిత్రాలున్నాయి. పై అంతస్తు హాల్లో కప్పు నిండా బొమ్మలే. మెడ ఎత్తి ఎంతసేపని చూస్తారు? అందుకే అక్కడ చేతిలో పట్టుకునే పెద్ద అద్దాలు ఉంచారు. అద్దాన్ని పళ్ళెంలా పట్టుకుని అందులోకి వంగితే కప్పు మీది మోషే, కంచు సర్పం చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. ఒకరు అద్దం పట్టుకుంటే ఇద్దరూ తలలు వంచి చూడవచ్చు. ఒకరు కదిపితే రెండోవాళ్ళకు బొమ్మ జారిపోతుంది కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగాలి. గుంపు వెనకనుంచి తోస్తున్నప్పుడు ఈ పని జరగదు. రియాల్తో మార్కెట్‌లో ఆ నెలల్లో కనిపించే ట్రెవీజో రాడిక్కియో అనే ఆకుకూర సంగతీ చూడండి. మంచు తగిలాక దుంపతో పెరికి, పారే ఊటనీటిలో వేళ్ళు ఉంచితే, చీకటిలో కొత్తగా పొడుచుకొచ్చే లోపలి ఆకులు తెల్లటి ఈనెలతో, ముదురు ఎరుపు అంచులతో మెలి తిరుగుతాయి. చలి లేకపోతే ఆ ఆకుకూరే లేదు. వేసవి యాత్రికుడు ఎంత డబ్బు పెట్టినా దాన్ని తాజాగా తినలేడు.

జంట అన్న మాట దగ్గరికి వస్తాను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో రోజంతా నడిచే మాటల్లో ఎక్కువ భాగం పనుల మాటలే: కరెంటు బిల్లు, పనిమనిషి రాకపోవడం, ఊళ్ళో అమ్మానాన్నల మందులు, లోను వాయిదా. సీజన్‌లో ప్రయాణం పెట్టుకుంటే ఆ మాటలు పేర్లు మార్చుకుని వెంట వస్తాయి: ఏ స్లాట్, ఏ క్యూ, టికెట్ ఎవరి ఫోన్లో ఉంది, అక్కడ చోటు దొరుకుతుందా. ఊరు మారింది గానీ సంసారం నడిపే పని ఆగలేదు. ఖాళీ వారాల్లో ఆ పని చాలావరకు పోతుంది. పోయినచోట ఏర్పడే ఖాళీ కొందరికి భయం కలిగిస్తుంది, అది నిజమే. మాట్లాడుకోవడానికేమీ లేకపోతే ఎలా అన్న అనుమానం న్యాయమైనదే. కానీ ఆ అనుమానాన్ని గుంపులో దాచుకోవడం కంటే ఎదురుగా చూడడం మంచిది. కలిసి బతకడానికి ఒప్పుకున్న ఇద్దరు కొన్ని రోజులు కలిసి ఏ పనీ లేకుండా ఉండగలగడం విలాసమని నేననుకోను, అది బంధానికి కావలసిన తిండి.

చలి సంగతేమిటి, సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడితే ఏం చూస్తాం అని అడిగేవాళ్ళున్నారు. జనవరిలో అక్కడ పగటి వేడి ఆరేడు డిగ్రీలు, రాత్రి సున్నా చుట్టూ. మంచి కోటు, నీరు పట్టని బూట్లు లేకుండా పోకూడదు. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి. అయితే వానలు తక్కువ పడే నెలల్లో జనవరి ఒకటి. వరదనీటి భయానికీ ఒక లెక్క ఉంది. 2019 నవంబరు 12న నీరు 187 సెంటీమీటర్లకు ఎక్కి ఊరిని ముంచింది. 2020 అక్టోబరు నుంచి మోజే అనే 78 తలుపుల అడ్డుకట్ట పనిచేస్తోంది; పెద్ద పోటు వస్తుందని తెలియగానే సముద్ర ముఖాల దగ్గర ఆ తలుపులు పైకి లేస్తాయి. చిన్న పోటుకు మాత్రం పల్లంలో ఉన్న శాన్ మార్కో చౌకు ఇప్పటికీ తడుస్తుంది, అదీ కొన్ని గంటలే. ఇక జనవరిలో కొన్ని చిన్న హోటళ్ళు, భోజనశాలలు సిబ్బంది సెలవుల కోసం మూసేస్తారు, ముందే కనుక్కోవాలి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. రెండు రాత్రుల కోసం వచ్చినవాళ్ళకు ఒక్క చెడ్డరోజు సగం ప్రయాణాన్ని తినేస్తుంది. ఆరు రాత్రులున్నవాళ్ళు ఆ రోజు మ్యూజియంలో గడిపి మర్నాడు బురానో ద్వీపానికి పడవెక్కుతారు. ఎక్కువ రాత్రులుండడమే ఈ అభ్యంతరానికి జవాబు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఊరివాళ్ళ వైపు నుంచి వస్తుంది. 1951లో వెనిస్ పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022 నాటికి 50,000 కూడా లేరు. ఇళ్ళు యాత్రికుల గదులైపోయాయి. ఊరివాళ్ళకు ఊపిరి పీల్చుకోవడానికి మిగిలిన ఆ కొద్ది వారాల్లోకి కూడా మనం జొరబడాలా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. నగరపాలక సంస్థ తన వంతు జవాబిచ్చింది: 2024లో 29 రోజులు, 2025లో 54 రోజులు, వసంతం, వేసవి రద్దీ రోజుల్లో, పగటికి వచ్చి పోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేసింది. రాత్రికి బస చేసేవాళ్ళకు ఆ రుసుము లేదు. వాళ్ళు బస పన్ను కడతారు. ఊరిని నలిపేది ఎవరో ఆ నిబంధన చెప్పకనే చెబుతోంది. పొద్దున దిగి, సాయంత్రానికి పోయేవాళ్ళు వీధులను నింపుతారు గానీ ఊళ్ళో ఖర్చు చేసేది తక్కువ. చలికాలంలో వారం ఉండే జంట ఖాళీ నెలలో అక్కడి పనివాళ్ళకు కూలి దొరికేలా చేస్తుంది. దీనికి నేనొక షరతు పెడతాను: సంసారాలు ఉండాల్సిన ఫ్లాట్లలో కాకుండా హోటల్‌లోనో, ఇంటివాళ్ళు ఉంటూ అద్దెకిచ్చే గదిలోనో దిగాలి. అందరూ ఇలాగే వస్తే జనవరీ జూలైలా అయిపోదా అంటే, అవుతుంది. కార్నివాల్ దానికి సాక్షి. అందుకే మరో ఊరి నుంచి జనాన్ని తోలుకురావాలని నేననడం లేదు. వెళ్ళాలని ముందే నిశ్చయించుకున్నవాళ్ళు కాలం మార్చుకుని, నిదానించాలని మాత్రమే అంటున్నాను.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చూస్తే విమానం ఖర్చుతో ఇదంతా చవక ఎలా అవుతుందన్నది సరైన ప్రశ్నే. అందరికీ కాదు. జర్మనీ లాంటి దేశాల్లో చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న తెలుగు జంటలకు మాత్రం ఇది అందుబాటులో ఉన్న మాట. మ్యూనిక్ నుంచి ఆల్ప్స్ దాటి వెనిస్‌కు నేరుగా రైలుంది. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకు సంక్రాంతి అడ్డం వస్తుంది. ఆ పండుగకు ఇంటికి పోవడమే ధర్మం. జనవరి చివరి వారాలు మిగిలే ఉంటాయి, కార్నివాల్ ముందుకు జరిగిన ఏడైతే కొంచెం ముందే చూసుకోవాలి. బడికెళ్ళే పిల్లలున్న ఇళ్ళకు వేసవి సెలవులు తప్ప దారి లేదు. పిల్లలింకా లేనివాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినవాళ్ళు ఏ నెల కావాలంటే ఆ నెల ఎంచుకోగలరు. అలా ఎంచుకోగలిగినవాళ్ళు మేలో, జూన్‌లో గదుల కోసం పిల్లలున్న కుటుంబాలతో పోటీ పడకుండా తప్పుకోవడం నా దృష్టిలో ఒక మర్యాద.

కాబట్టి పథకం వేసుకునేటప్పుడు మొదట తేదీలు, తర్వాత ఊరు, ఆ తర్వాత రాత్రుల సంఖ్య అన్న వరుసను కొంచెం మార్చమంటాను. ముందు ఊరు ఒకటే అని నిర్ణయించుకోండి. ఆ ఊరి పండుగల కేలండర్ చూసి రెండు రద్దీల మధ్య ఖాళీని పట్టుకోండి. మిగిలిన డబ్బును రాత్రులకు పెట్టండి, చూడాల్సిన చోట్ల జాబితాను సగానికి కోయండి. రోజుకు ఒక్కటంటే ఒక్క పెద్ద పని పెట్టుకుని మిగతా పూటను ఇద్దరిలో ఎవరికి ఏది తోస్తే దానికి వదిలేయండి. వెనిస్ బదులు బుడాపెస్ట్ కావచ్చు, లిస్బన్ కావచ్చు, తర్కం ఒకటే. చవకగా దొరికిన కాలాన్ని హడావిడిగా ఖర్చు చేస్తే అది చవకబారు ప్రయాణమే అవుతుంది. నిదానంగా ఖర్చు చేస్తే, మామూలు జీతాల మీద బతికే ఇద్దరు కూడా ఒక గొప్ప నగరంలో కొన్నాళ్ళు కాపురమున్నట్టు ఉండి రాగలరు.