చూడకుండా వేసిన బాణం

దశరథుడి బాణం గురి తప్పలేదు. అయోధ్యకాండలోని ఆ కథ తలచుకున్నప్పుడు మనం మరిచిపోయే సంగతి ఇదే. సరయూ తీరాన, చీకట్లో, కుండ నిండే బుడబుడ చప్పుడును ఏనుగు నీళ్లు తాగడమనుకున్నాడు. శబ్దవేధిలో ఆరితేరినవాడు కనుక బాణం చప్పుడు వచ్చిన చోటే దిగింది. పోయింది మాత్రం ఆ కుండ ముంచుతున్న కుర్రవాడు, కళ్లులేని ముసలి తల్లిదండ్రుల ఒక్కగానొక్క ఆసరా. రాజులకు వేట తప్పుకాని రోజుల్లో కూడా ఆ పని శాపం తెచ్చిపెట్టింది. మహాభారతం మౌసల పర్వంలో జరుడనే వేటగాడిదీ ఇదే పొరపాటు, కృష్ణుణ్ణి లేడి అనుకున్నాడు. చంపబోయేవాడి మొదటి ధర్మం చూడటమని, ఎంత నేర్పున్నా ఆ లోటును పూడ్చలేదని నాకు ఈ కథల్లో కనిపిస్తుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ కలిసి సరదా వేటకు స్వస్తి చెప్పాయి. అమెరికా తూర్పు అడవుల్లో మాత్రం తెల్లతోక జింకల వేట ఏటా సాగుతుంది కనుక, ఆ చూసే ధర్మం అక్కడ నేటి ప్రశ్నే. అక్కడ జింక సాధారణంగా నూటయాభై గజాల లోపే కనబడుతుంది, అదీ చెట్ల సందుల్లో. అయినా రైఫిల్‌కు ఇరవై నాలుగు రెట్లు పెద్దది చేసి చూపే స్కోప్ బిగించుకోవాలనే ఆశ చాలామందిది. పెద్దగా కనబడితే బాగా కనబడినట్టే కదా అని వాళ్ల వాదన. లెక్క అలా లేదు. 40 మిల్లీమీటర్ల ముందు కటకం నుంచి నాలుగు రెట్ల దగ్గర కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 10 మిల్లీమీటర్లు, తొమ్మిది రెట్ల దగ్గర నాలుగున్నర లోపు. మసక వెలుతురులో కనుపాప ఆ నాలుగున్నర కంటే పెద్దగా విచ్చుకుంటుంది కనుక, జింకలు మేతకు కదిలే సంధ్యవేళ రెట్లు పెంచినకొద్దీ చిత్రం నల్లబడుతుంది. చూపు మేర కూడా కుదించుకుపోతుంది. మూడు రెట్ల దగ్గర వంద గజాల అవతల ముప్పై అడుగులకు పైగా అడవి కనబడితే, తొమ్మిది దగ్గర పధ్నాలుగు అడుగులే. జింక వెనక పొదలో నారింజ చొక్కా వేసుకున్న మరో వేటగాడు ఉంటే? బొచ్చు ఒక్కొక్క వెంట్రుకా కనబడుతుంది, మనిషి కనబడడు. అందుకే ఒకటి నుంచి ఆరు, రెండు నుంచి ఏడు రెట్ల స్కోపులే ఆ అడవికి ధర్మమైనవి అంటాను. మూడు-తొమ్మిదిదైనా కింది అంకెల మీద ఉంచితే సరిపోతుంది.

చంపడమే తప్పయినప్పుడు అద్దాల మీద చర్చేమిటని అహింసావాది అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే, వేట ఒప్పా తప్పా అన్నది ఏ స్కోపూ తేల్చదు. కానీ ఊపిరితిత్తుల్లో తూటా దిగి నిమిషంలోపు పడిపోయిన జింకకూ, పొట్టలో దెబ్బ తిని గంటల తరబడి పొదల్లో ఈడ్చుకుంటూ చచ్చే జింకకూ తేడా లేదనడం అహింస కాదు. బాధ తగ్గాలని కోరేవాడికే ఆ తేడా ఎక్కువ పట్టాలి.

ఇంకొక ఆక్షేపణ నాకు మరింత బరువుగా తోస్తుంది: స్కోప్ చూపును పెంచుతుంది కనుక చూసే ధర్మాన్ని అదే నెరవేరుస్తుందని. ఇక్కడ ఒక చిక్కుంది. స్కోప్‌లోంచి చూడటమంటే తుపాకీ ఎక్కుపెట్టడమే. ఆకుల మధ్య కదిలింది జింకో మనిషో తెలుసుకోవడానికి స్కోప్ ఎత్తినవాడు, మనిషే అయితే మనిషికే తుపాకీ గురిపెట్టినట్టు. అందుకే అమెరికా వేట శిక్షణలో గట్టిగా చెబుతారు, వెతకడం బైనాక్యులర్లతో, అదేమిటో తేలాకే స్కోప్ అని. పోల్చుకోవడం, గురిచూడటం రెండు వేర్వేరు పనులని ఒప్పుకున్న నియమమిది, దశరథుడు కలిపేసిందీ ఈ రెంటినే. అక్కడి చాలా రాష్ట్రాల్లో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. మబ్బు పట్టిన రోజున దట్టమైన అడవిలో ఆ అరగంట మొదట్లోనే చెవులేవో కొమ్మలేవో తెలియకుండా పోతాయి. అప్పటికి గడియారం ఇంకా అనుమతి ఇస్తూనే ఉంటుంది, వేటగాడు మాత్రం తూటా తీసేసి, మాటు వేసిన చెట్టు దిగాలి.