ఎనిమిది అన్న అంకె, అత్త అన్న మాట

మా మేనత్తది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పెళ్ళికి ముందు నుంచీ ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడుతోంది, రోజుకు 300 మిల్లీగ్రాములు. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఆమధ్య కడపలో రక్తపరీక్ష చేయిస్తే మందు స్థాయి మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాములని వచ్చింది. పక్కనే 10–20 అని అచ్చేసి ఉంది. డాక్టరు దగ్గర పెంచమని పట్టుబట్టింది నేనే. "నాకు బాగుండాది గదరా అబ్బయ్యా, ఇంగ ఎందుకు పెంచేది?" అంది అత్త. నేను వినలేదు.

400 చేశారు. కొన్ని వారాలకు తూలడం మొదలైంది. చూసినవాళ్ళు తాగిందనుకున్నారు. మళ్ళీ పరీక్ష చేయిస్తే 29.

మందు పెరిగింది మూడోవంతు, స్థాయి పెరిగింది మూడు రెట్లకు పైగా. ఈ మందును విరిచే లివర్ ఎంజైములకు ఒక హద్దుంది. టోల్‌గేటు లాగే. హద్దు దగ్గరపడ్డాక ఇంకో నాలుగు బళ్ళొచ్చినా క్యూ కిలోమీటర్లు సాగుతుంది. ఇది నా చదువుకి అర్థంకాని లెక్కేం కాదు, ఆరోజు తట్టలేదంతే. పైగా ఫెనిటాయిన్‌లో సుమారు 90 శాతం రక్తంలోని ఆల్బుమిన్‌కి అంటుకుని ఉంటుంది, పనిచేసేది మిగిలిందే. తిండి చాలక ఆల్బుమిన్ తగ్గిన మనిషికి మొత్తం అంకె తక్కువగా కనిపించినా, పనిచేసే మందు సరిపడా ఉండొచ్చు. మామూలు పరీక్ష కొలిచేది మొత్తాన్నే.

10–20 అన్నది చాలామందిని చూసి గీసిన గీత. అంతర్జాతీయ మూర్ఛ వ్యాధి నిపుణుల సంఘం 2008 మార్గదర్శకాల్లో ల్యాబులు అచ్చేసే రేంజ్ వేరు, ఒక మనిషికి పనిచేసే స్థాయి వేరు అని విడదీసి చెప్పారు. ఆఫీసులో సర్వర్ బాగా నడుస్తూ అలర్ట్ మోగితే మేం అలర్ట్ హద్దునే మారుస్తాం. అత్త విషయంలో అత్తనే మార్చబోయాను.

అలాగని రోగి మాటే చివరిమాట అని తేల్చెయ్యలేను. 1976 సవరణ నుంచి 1999 దాకా హిందూ వివాహ చట్టంలో మళ్ళీ మళ్ళీ వచ్చే మూర్ఛ పెళ్ళికి అనర్హతగా ఉండేది. అత్త పెళ్ళి ఆ మధ్యలోనే అయింది, మాత్రల సంగతి దాచి. అంతకాలం దాచడం నేర్చుకున్న మనిషి "బాగుండాది" అంటే, నిజంగా బాగుందనా, అడగొద్దనా? రక్తానికి ఆ భయం లేదు, మాత్ర మానేస్తే చెప్పేస్తుంది. కానీ తూలుతున్నదీ లేనిదీ రక్తం చెప్పదు. ఒకరి మాటను తోసేసే హక్కు నాకు అంకె ఇచ్చిందా, చదువు ఇచ్చిందా, మేనల్లుడినన్న ప్రేమ ఇచ్చిందా? మూడూ కలిసే ఇచ్చాయనుకుంటా, అందుకే ఆరోజు అనుమానం రాలేదు.

డాక్టరు మళ్ళీ 300కి తెచ్చారు, నడక కుదురుకుంది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంటాను. "బాగుండా నాయనా" అంటుంది. మొన్న రెట్టించి అడిగితే, "పండక్కొస్తావు గదా, నడిచి సూపిస్తాలే" అంది.