స్థానం ఎవరిది? టోనీ రోమో, డాక్ ప్రెస్కాట్, మన లోపలి యుద్ధం



ఈసారి అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. "మన ఛానెల్‌లో ఫుట్‌బాల్ ఏంటి బ్రో?" అని అప్పుడే పేజీ మూసేయకండి. ఎక్కడ తిరిగినా చివరికి మన ఇంటికే, మన ఆఫీసుకే వస్తుంది ఈ కథ.

2022 అక్టోబర్. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా అపార్ట్‌మెంట్. నలుగురం తెలుగువాళ్లం. ఆదివారం వస్తే పప్పు, ఆవకాయ, టీవీలో డల్లాస్ కౌబాయ్స్ ఆట. ఆ జట్టు ప్రాక్టీస్ చేసే చోటు మా ఊళ్లోనే ఉంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో మాకు రూల్స్ కూడా తెలియవు. ఏడాది తిరిగేసరికి మాత్రం ఆ ఆట కోసం అరుచుకునే స్థాయికి వచ్చేశాం.

ఆ సీజన్ మొదటి ఆటలోనే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు బొటనవేలు విరిగింది. అతని బదులు దిగిన కూపర్ రష్ వరుసగా నాలుగు ఆటలు గెలిపించాడు. అంతే, మా హాల్ రెండు ముక్కలైంది. "గెలుస్తున్నవాణ్ని ఎలా తీసేస్తార్రా?" అని ఒకడు. "వేలు నయమయ్యాక డాక్ రావాల్సిందే, జట్టు అతనిది" అని ఇంకొకడు. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోకుండానే అన్నం తిన్నారు. నవ్వకండి, నిజంగానే జరిగింది.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు దాడి చేసే ప్రతిసారీ దాదాపు ముందుగా బంతి అందుకునేవాడు. ఎవరికి విసరాలి, ఎవరికి ఇవ్వాలి అని రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సింది అతనే. క్రికెట్‌లో ఇద్దరు మంచి బ్యాటర్లుంటే ఇద్దర్నీ పదకొండు మందిలో సర్దేస్తాం. ఇక్కడ అలా కుదరదు. స్థానం ఒక్కటే. ఒకరు ఆడితే రెండోవాడు టోపీ పెట్టుకుని గీత బయట నిలబడాలి. అందుకే అభిమానుల మధ్య ఇంత గొడవ.

మా గొడవ చూసి, ఎప్పటినుంచో డల్లాస్‌లో ఉంటున్న ఒక అన్న నవ్వాడు. "ఇదేం గొడవరా! 2016లో మీరుండాల్సింది" అన్నాడు. ఆయన చెప్పిన కథే ఇది.

2016 నాటికి కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో. 2003 డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ జట్టూ ఎంచుకోలేదు. అయినా పట్టుదలతో నిలబడి, ఆ జట్టు చరిత్రలో అప్పటికి అందరికంటే ఎక్కువ పాసింగ్ యార్డులు సాధించాడు. 2011లో శాన్ ఫ్రాన్సిస్కో మీద ఆటలో పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గాయమైనా మళ్లీ మైదానంలోకి వచ్చి గెలిపించాడు. 2015లో భుజం ఎముక విరిగి ఎక్కువ ఆటలకు దూరమైతే, ఆ జట్టు 16 ఆటల్లో నాలుగే గెలిచింది. రోమో లేకపోతే కౌబాయ్స్ లేదు అని ఊరంతా అనుకునే పరిస్థితి.

2016 ఆగస్టులో ప్రాక్టీస్ శిబిరంలో రెండో క్వార్టర్‌బ్యాక్ కెల్లెన్ మూర్ కాలు విరిగింది. అదే నెల 25న సియాటెల్‌లో సీజన్‌కు ముందు జరిగే సన్నాహక ఆటలో రోమో వెన్నెముకకు దెబ్బ తగిలింది. మిగిలింది ఒక కొత్త కుర్రాడు, డ్రాఫ్ట్‌లో 135వ వాడిగా ఎంపికైన డాక్ ప్రెస్కాట్. మొదటి ఆట ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయాడు. ఆ తర్వాత ఆగలేదు. నవంబర్ మధ్యకు వచ్చేసరికి తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచాడు.

సరిగ్గా అప్పుడే రోమో వెన్ను నయమైంది.

ఇప్పుడు చెప్పండి, ఎవరు ఆడాలి?

రోమో వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పదేళ్లు ఒళ్లు విరగ్గొట్టుకున్న మనిషి. ఆట సరిగ్గా లేక స్థానం పోలేదు, దెబ్బ తగిలి పోయింది. జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుని లేచేసరికి మన మంచం మీద ఇంకొకరు పడుకుని ఉంటే ఒప్పుకుంటామా? కృతజ్ఞత అనేది ఒకటి ఉండాలి కదా.

డాక్ వైపు వాదన కూడా అంతే బలంగా ఉంది. జట్టులో చాలామంది ఆటగాళ్లు ఉంటారు. వాళ్ల మోకాళ్లు, వాళ్ల జీవితాలు కూడా ఆ ఫలితం మీదే ఆధారపడి ఉన్నాయి. ఒకరి మీద ప్రేమ కోసం వాళ్లందరి కష్టాన్ని పందెం కాయొచ్చా? పైగా కుర్రాడు ఎవరి దగ్గరా లాక్కోలేదు. ఇచ్చిన పని చేశాడు, అంతే.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. అసలు రోమోకు ఆ స్థానం ఎలా వచ్చింది? 2006 అక్టోబర్‌లో ఒక ఆట మధ్యలో డ్రూ బ్లెడ్సో అనే సీనియర్‌ను పక్కనపెట్టి రోమోను దించారు. ఆ రోజు రోమో విసిరిన బంతులు మూడుసార్లు ఎదుటి జట్టు చేతికి చిక్కాయి, జట్టు ఓడిపోయింది. అయినా తర్వాతి ఆటనుంచి స్థానం రోమోదే. ఆ బ్లెడ్సో కథ ఇంకా చిత్రం. 2001లో అతను న్యూ ఇంగ్లాండ్ జట్టులో ఉండగా తీవ్రంగా గాయపడితే, బదులుగా ఒక కుర్రాడు దిగాడు. ఆ కుర్రాడి పేరు టామ్ బ్రేడీ. బ్లెడ్సో కోలుకున్నాక కూడా స్థానం తిరిగి రాలేదు. ఆ ఏడాది సూపర్ బౌల్ బ్రేడీ గెలిచాడు.

చూశారా? మనం "ఇది ఫలానావాడి స్థానం" అని కొట్టుకుంటున్నాం. అది మాత్రం ఒకరి గాయంలోంచి ఇంకొకరి చేతికి, ఒకరి ఓటమిలోంచి ఇంకొకరి ఒడిలోకి వెళ్తూనే ఉంది. అద్దె ఇంటి గోడ మీద మన పేరు చెక్కుకున్నట్టు ఉంటుంది మన వాదన.

ఇప్పుడు 2016 నవంబర్ 15. రోమో విలేకరుల ముందుకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం. దాన్ని చదివాడు, ప్రశ్నలు తీసుకోకుండా వెళ్లిపోయాడు. డాక్ ఈ స్థానాన్ని తన ఆటతో సంపాదించుకున్నాడని చెప్పాడు. పక్కన కూర్చుని చూడటం తేలిక కాదని దాచకుండా ఒప్పుకున్నాడు. తానూ ఒకప్పుడు అలాంటి కుర్రాడినేనని గుర్తు చేసుకున్నాడు. నాకు బాగా నచ్చింది ఇంకో మాట. ప్రతి మనిషికీ రెండు యుద్ధాలుంటాయట, ఒకటి ఎదుటివాడితో, రెండోది లోపలివాడితో. లోపలివాణ్ని అదుపులో పెట్టుకుంటే ఎదుటివాడు పెద్ద లెక్క కాదన్నాడు.

ఇది విన్నప్పుడు నాకు గీత ఆరో అధ్యాయం గుర్తొచ్చింది. మనసు మనకు చుట్టం కావచ్చు, శత్రువు కావచ్చు అని కృష్ణుడు అర్జునుడికి చెప్పే సందర్భం. రోమో గీత చదివాడని నేను అనడం లేదు. నిజాయితీగా బాధపడిన మనిషి ఏ దేశంలో ఉన్నా అదే గుమ్మం దగ్గరికి వస్తాడేమో అనిపించింది.

భరతుడి కథ కూడా ఇక్కడే గుర్తొస్తుంది. అయోధ్య సింహాసనం ఎదురుగా ఉంటే, పాదుకలు పెట్టి నందిగ్రామంలో 14 ఏళ్లు గడిపాడు. "అంటే డాక్ కూడా భరతుడిలా రోమోకు తిరిగి ఇచ్చేయాలి కదా?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే. నేనూ అక్కడే ఆగిపోయాను. కానీ కాస్త గమనించండి. చిత్రకూటంలో అన్నదమ్ములిద్దరూ గంటలకొద్దీ వాదించుకున్నా, "ఇది నాది" అన్నవాడు ఒక్కడూ లేడు. రాముడు తండ్రి మాటను చూశాడు, భరతుడు ధర్మాన్ని చూశాడు. ఎవరు కూర్చోవాలన్న జవాబు సందర్భాన్ని బట్టి మారుతుంది. కానీ "నాకేం దక్కుతుంది" బదులు "నేనేం చేయాలి" అని అడగడం మాత్రం మారకూడదు.

ఇక నా కథ. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

కిందటేడాది క్రికెట్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంపుకున్నాను. సర్జరీ, రెండు నెలల సెలవు. అప్పటిదాకా మా ఆఫీసులో పేమెంట్స్ సర్వీస్ ఒకటి నేనే చూసుకునేవాణ్ని. తిరిగొచ్చేసరికి ఒక జూనియర్ దాన్ని చక్కగా నడుపుతున్నాడు. మన తెలుగు అబ్బాయే. నేను చేద్దాం చేద్దాం అని వాయిదా వేసిన పనులు రెండు పూర్తి చేసేశాడు కూడా. ఇకపై ఎవరు చూసుకోవాలన్నది మేనేజర్ తేల్చలేదు. టీమ్‌లో కొందరు నా వైపు, కొందరు అతని వైపు.

పైకి నేను చాలా మంచివాణ్ని. "సూపర్ చేశావ్ తమ్ముడూ" అన్నాను. రాత్రిళ్లు మాత్రం అతను రాసిన కోడ్ తెరిచి, తప్పు ఎక్కడ దొరుకుతుందా అని వెతికేవాణ్ని.

ఒకరోజు రాత్రి 11 గంటలకు అలర్ట్ వచ్చింది. పేమెంట్లు ఆగిపోతున్నాయి. వెంటనే ఫోన్: "అన్నా, పడుకున్నారా? ఒక్క ఐదు నిమిషాలు చూస్తారా?" గొంతు వణుకుతోంది. నిజం చెప్తున్నాను, ఆ అలర్ట్ చూడగానే నాకు మొదట కలిగింది సంతోషం. "ఇప్పుడు తెలుస్తుంది అందరికీ" అనుకున్నాను. ఆ క్షణంలో ఎక్కడో ఎవరో మందులకో, పిల్లల ఫీజుకో డబ్బు కడదామంటే కట్టలేక స్క్రీన్ చూస్తూ ఉన్నారు. వాళ్లు నాకు గుర్తు రాలేదు.

ఇద్దరం కూర్చుని ఒంటిగంటకల్లా సరిచేశాం. తప్పు అతనిది కాదు, మేం ఆధారపడే బయటి సర్వీస్ ఒకటి నెమ్మదించింది. అతను "థాంక్స్ అన్నా, మీరుంటే ధైర్యం" అని పెట్టేశాడు. నాకు నిద్ర పట్టలేదు. నేను ఏ పని నాది అని ఇంత పట్టుకున్నానో, ఆ పనే పాడవ్వాలని కోరుకున్నాను. మరి అది ప్రేమ ఎలా అవుతుంది?

అప్పుడు మా హాల్‌లో జరిగిన గొడవ అర్థమైంది. రష్ కావాలన్నవాడు డాక్ తిరిగొచ్చి ఓడిపోతే లోలోపల సంబరపడతాడు. డాక్ కావాలన్నవాడు రష్ విసిరిన బంతి ఎదుటివాడికి చిక్కితే "చెప్పానా!" అంటాడు. ఇద్దరూ వేసుకున్నది కౌబాయ్స్ జెర్సీలే. కానీ తన మాట గెలవాలంటే సొంత జట్టు ఓడిపోవాలి అనే చోటికి ఇద్దరూ వచ్చేశారు. అభిమానం అహంకారంగా మారేది సరిగ్గా అక్కడే. వాదించడం తప్పు కాదు. ఎవరు మెరుగో ఆలోచించడం, లెక్కలు చూడడం, గట్టిగా చెప్పడం, అన్నీ మంచివే. మనల్ని మనం పరీక్షించుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: నేను ఎవరు ఓడిపోవాలని ఎదురుచూస్తున్నాను?

రోమోకు అలా ఎదురుచూసే అవకాశం పుష్కలంగా ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కుర్రాడు ఒక్క ఆట ఓడిపోగానే స్టేడియమంతా రోమో పేరే అరిచేది. ఆ అవకాశాన్ని తనే అందరి ముందు మూసేశాడు. నా దృష్టిలో అతను గెలిచిన పెద్ద ఆట అదే.

ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది పిల్లల నీతికథ అయిపోతుంది. 2017 జనవరి 1న సీజన్ చివరి ఆటలో రోమోకు కాసేపు అవకాశం వచ్చింది. నాలుగు పాసుల్లో మూడు సరిగ్గా వేశాడు, ఒకటి టచ్‌డౌన్. అదే అతని చివరి ఆట. జట్టు 13 గెలుపులతో ప్లేఆఫ్స్‌కు వెళ్లి గ్రీన్ బే చేతిలో 34-31తో ఓడిపోయింది. ఆ ఏప్రిల్‌లో రోమో ఆట వదిలి టీవీ వ్యాఖ్యాతగా వెళ్లిపోయాడు. త్యాగానికి కప్పు బహుమతిగా రాలేదు. ఫలం చేతిలో లేదని మనం రోజూ వినే మాటకు అర్థం ఇదే. చేయాల్సింది చేశాక కూడా ఓడిపోవచ్చు, అయినా చేసింది సరైనదే.

మరి 2022లో? రష్ ఐదో ఆట ఓడిపోయాడు, మరుసటి వారం డాక్ తిరిగొచ్చాడు, గెలిచాడు. ఆరేళ్ల క్రితం ఒకరి గాయంతో స్థానం దక్కించుకున్నవాడికి ఈసారి తన గాయం తర్వాత స్థానం తిరిగి దక్కింది. రష్ మళ్లీ బెంచ్ మీద కూర్చున్నాడు. అదే జట్టు, అదే ప్రశ్న, వేరే జవాబు.

నా సంగతంటారా? సర్వీస్ బాధ్యత ఆ అబ్బాయికే ఇవ్వమని మేనేజర్‌తో చెప్పాను. అడిగినప్పుడు సాయం చేస్తున్నాను. పొద్దున మీటింగ్‌లో అతను రిపోర్ట్ ఇస్తుంటే ఇప్పటికీ ఎక్కడో చిన్నగా గుచ్చుకుంటుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ రాత్రిళ్లు అతని కోడ్‌లో తప్పులు వెతకడం మాత్రం మానేశాను.

ఈ వారం మీరూ ఒకసారి చూసుకోండి. ఆఫీసులో, ఇంట్లో, అభిమాన హీరో విషయంలో, చివరికి గుడి కమిటీలోనైనా సరే, మీ మనసు ఎవరి తప్పు కోసం కాచుకుని కూర్చుందో. పేరు దొరికితే కంగారు పడకండి. వాళ్ల పనిలో మీకు నచ్చిన ఒక్క విషయం వాళ్లతో చెప్పండి. లోపలి యుద్ధంలో అది మొదటి అడుగు.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. శుభం.