చిగుళ్లు కనిపించే నవ్వు

నవ్వినప్పుడు చిగురు మూడు, నాలుగు మిల్లీమీటర్లు బయటపడితే దానికి దంతవైద్యంలో ఒక పేరుంది, గమ్మీ స్మైల్ అని. పేరు పెట్టాక చికిత్స రాకుండా ఉంటుందా!

ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ వల్ల చిగుళ్లు ఉబ్బి, పళ్లను కప్పేస్తే కోత అవసరమే. నేను మాట్లాడేది ఆరోగ్యమైన చిగురు గురించి. మత్తు సూది ఇచ్చి, కత్తితోనో లేజర్‌తోనో అంచు తీసేస్తారు. కొద్ది రోజులు నొప్పి, మెత్తటి తిండి. అంతటితో అయిపోదు. చిగురు అంచుకీ ఎముకకీ మధ్య శరీరం కొంత ఎడం ఉంచుకుంటుంది. ఆ ఎడం చాలకపోతే ఎముకనీ అరగదీయాలి, లేదంటే చిగురు మళ్లీ పెరుగుతుంది. మరీ ఎక్కువ కోస్తే వేరు బయటపడి చన్నీళ్లకి పళ్లు జివ్వుమంటాయి. కారణం పొట్టి పై పెదవో, పొడవైన దవడో అయితే చిగురు కోసి పెద్ద లాభం లేదు.

ఇలాంటి నవ్వు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. పైగా వయసుతో పై పెదవి జారి, చిగురు దానంతటదే మరుగవుతుంది. అంటే సరిగ్గా పెళ్లీడులోనే ఇది లోపమన్నమాట.

"నా ఇష్టంతోనే చేయించుకుంటున్నా అత్తా" అంది మా మేనకోడలు. ఆ మాటని కొట్టిపారేయను, తన నోరు తనది. అయితే వద్దనడానికి కూడా అంతే వీలున్నప్పుడే కదా అది ఇష్టమయ్యేది? ఆస్పత్రిలో సంతకం పెట్టే కాగితంలో నొప్పి, రక్తం, వాపు అన్నీ రాసి ఉంటాయి. చేయించుకోకపోతే సంబంధం తప్పిపోతుందా అన్నది అందులో ఉండదు.