రెండో గురువు

పిల్లలకు లక్ష్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిస్తే, ఎవరైనా ముందు చెట్టు మీదికి పిట్టనే ఎక్కిస్తారు. ద్రోణుడు శిష్యుల్ని వరసగా పిలిచి ఏం కనిపిస్తోందని అడగడం, అందరూ చెట్టూ కొమ్మలూ ఆకులూ అనడం, అర్జునుడొక్కడు పిట్ట కన్ను తప్ప మరేమీ కనిపించడం లేదనడం, ఆపైన చప్పట్లు. పల్నాడులో, వినుకొండ వైపు మెట్ట ఊళ్ల హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పంద్రాగస్టుకో, పదో తరగతి వీడ్కోలు సభకో ఈ కథ వినని ఏడాది లేదు. నేనూ చాలాసార్లు చెప్పాను. మంచి కథే. ఏకాగ్రత అనే మాటను పిల్లవాడి కళ్లకు కట్టించాలంటే దీన్ని మించింది దొరకదు.

కాకపోతే అసలు కథ మనం చెప్పేదానికంటే పెద్దది. వ్యాసుడి ఆదిపర్వంలో అది ప్రాణమున్న పిట్ట కాదు, పనివాళ్ల చేత చేయించి ద్రోణుడు చెట్టు చిటారున పెట్టించిన బొమ్మ. అర్జునుడు చూసింది కన్ను కాదు, తల. ఇవి చిన్న తేడాలు, పోనిద్దాం. నన్ను పట్టి నిలిపేది ధర్మరాజు జవాబు. మొదట పిలిచింది ఆయన్నే. చెట్టు కనిపిస్తోంది, మీరు కనిపిస్తున్నారు, తమ్ముళ్లు కనిపిస్తున్నారు, పక్షీ కనిపిస్తోంది అన్నాడు. ద్రోణుడు కసురుకుని పక్కకు తప్పుకొమ్మన్నాడు. క్లాసులో అందరూ నవ్వేది ఇక్కడే.

ఆ పరీక్ష తప్పినవాడే అరణ్యపర్వం చివర యక్షుడి పరీక్ష నెగ్గాడు. కొలను గట్టున నలుగురు తమ్ముళ్లూ పడి ఉన్నారు. ఒక్కణ్నే బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకొమ్మన్నాడు యక్షుడు. ముందున్నది యుద్ధం, గెలవాల్సింది రాజ్యం. లక్ష్యం లెక్కన చూస్తే గాండీవం పట్టినవాణ్నో, గద పట్టినవాణ్నో అడగాలి. ధర్మరాజు నకులుణ్ని అడిగాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి కదా అన్నాడు. ఆనాడు చెట్టు కింద బాణం పట్టుకుని తమ్ముళ్లను చూసిన చూపే ఇదీ. అక్కడ అనర్హత అయినది ఇక్కడ ధర్మమయింది.

లక్ష్యం చూపును బిగిస్తుంది, గుణం చూపును విప్పుతుంది. ఒకే పిల్లవాడికి రెండూ నేర్పడం కుదిరే పనేనా? మన వాల్‌పోస్టర్లన్నీ అది తేలికైన పని అన్నట్టు రెండు మాటల్నీ పక్కపక్కనే అచ్చేస్తాయి. నాకు మాత్రం అంత తేలికనిపించదు.

పిట్ట పరీక్షకు కొద్దిగా ముందే, ఆదిపర్వంలోనే, ఏకలవ్యుడి కథ ఉంది. అడవిలో కుక్క నోరు బాణాలతో కుట్టేసిన విలుకాణ్ని చూసి అర్జునుడు హడలిపోయాడు. ఏకాంతంలో గురువు దగ్గరకు వెళ్లి, నన్ను మించిన శిష్యుడు నీకు ఉండడని మాటిచ్చావు కదా అని నిలదీశాడు. ఏకలవ్యుడి కుడి బొటనవేలు తెగింది. దాంతో అర్జునుడి మనసులోని తాపం చల్లారిందని వ్యాసుడు దాచకుండా రాశాడు. ద్రోణుడి బడికీ ఒక లక్ష్యం ఉంది మరి: ద్రుపదుణ్ని కట్టి తెప్పించుకోవాలి. ఒక బడి ఒక్క గురిమీదే నడిస్తే ఎవరి వేలో ఒకరిది పోతుంది. మొదటి ర్యాంకు తనదే కావాలనుకున్న పిల్లవాడికి రెండో ర్యాంకువాడు జ్వరం తెప్పిస్తాడు. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీల మీద మార్కులతో సహా పిల్లల ఫొటోలు వేసే ఊళ్లలో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఫొటో రానివాళ్లు కూడా అదే బస్టాండులో బస్సెక్కాలి.

ఒక ఏడాది మా బడికి వ్యక్తిత్వ వికాసం చెప్పడానికి ఒకాయన వచ్చాడు. చురుకైనవాడు, పిల్లల్ని బాగా నవ్వించాడు. తొమ్మిదో తరగతి వాళ్లకు అచ్చేసిన కాగితాలు పంచాడు. నా లక్ష్యం, ఏ తేదీ లోపు, అందుకు రోజూ ఏం చేస్తాను: మూడు గళ్లు. డాక్టర్లు, పోలీసులు, క్రికెటర్లు బోలెడుమంది తేలారు. ఒక పిల్లాడు మాత్రం మొదటి గడిలో 'మా నాన్న మళ్లీ బోరు వేయించకూడదు' అని రాశాడు. తేదీ గడిలో 'ఈ ఎండాకాలం లోపు' అని, మూడో గడిలో 'రోజూ చెప్తాను' అని. మా వైపు బోరంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్తున్నాను: అడుగుకు ఇంతని లెక్క. రాయి తగిలినా, దుమ్మే లేచినా, బండివాడికి డబ్బు కట్టాల్సిందే. నీళ్లు పడకపోతే ఇంకో మూల వేయమంటారు. మిరప తోట ఎండుతుంటే చూస్తూ కూర్చోలేడు రైతు. ఆ ఇంట్లో అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి, అప్పు మాత్రం ఎండలేదు.

వచ్చినాయన కాగితం చదివి, నవ్వుతూనే, "బాబూ, అది మీ నాన్న సమస్య. నీ లక్ష్యం రాయి" అని కొత్త కాగితం ఇచ్చాడు. వాడు వెంటనే 'కలెక్టర్' అని రాసిచ్చేశాడు. ఆ తర్వాత పక్కవాడి చెవిలో, కలెక్టరైతే బోర్లు ఆపించొచ్చా అని అడిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తనకు నేర్పిన పద్ధతి అది. కానీ ఆ క్షణాన వెనక బెంచీ పక్కన నిలబడ్డ నాకు ద్రోణుడి గొంతే వినబడింది: తమ్ముళ్లు కనబడుతున్నారా? అయితే తప్పుకో. ఆ తరగతి మొత్తంలో తేదీతో సహా, చేయగలిగిన పనితో సహా పక్కాగా లక్ష్యం రాసినవాడు వాడొక్కడే.

ధర్మరాజు కథ చెప్పిన రోజున ఒక అమ్మాయి లేచి, మా సండే స్కూల్లో ఇలాంటిదే ఉంది టీచర్ అంది. యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి, పక్కనుంచి పోయిన యాజకుడు, లేవీయుడు, ఆగిన సమరయుడు. పిల్లలు ఇలా ఒక కథ పక్కకు ఇంకో కథ తెచ్చి పెడితే నాకు పండగే. ఆ కథ మీద అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది, 1973లో అచ్చయింది. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదివే విద్యార్థులు నలభై మందిని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగించడానికి పంపారు. కొందరి ప్రసంగాంశం ఈ మంచి సమరయుడి కథే. దారిలో ఒక మనిషి మూలుగుతూ కుప్పకూలి ఉన్నాడు. ఆగారా లేదా అన్నది వాళ్లు మాట్లాడబోయే విషయాన్ని బట్టి తేలలేదు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టినవాళ్లలో ఆగినవాళ్లు నూటికి పదిమంది. తీరిక ఉన్నవాళ్లలో అరవై మూడు మంది. నీతికథ నోట్లో ఉండగానే మనిషిని దాటుకుపోయారన్నమాట.

ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని పేరు పెట్టి ఉదయం నుంచి రాత్రి వరకు పిల్లల్ని గంటల చప్పుడికి పరిగెత్తించి, మధ్యలో దయ గురించి ఒక ఉపన్యాసం పెట్టించేవాళ్లు ఈ ప్రయోగం గురించి ఒకసారి చదవాలి. తొందరలో పెరిగిన గుణం ఉండదు.

అలాగని పిట్టను చెట్టు దింపెయ్యమనను. గురి లేని పిల్లల్ని కూడా చూశాను. కోతల కాలంలో మిరపకాయలకు వెళ్లి, మార్చిలో పరీక్షలయ్యాక వెనక్కి రాకుండా పోయిన ఆడపిల్లలు ఉన్నారు. నాకు ఫలానాది కావాలని గట్టిగా అనగలిగి ఉంటే వాళ్లలో కొందరైనా ఇంటర్లో చేరేవాళ్లు. వాళ్ల చూపు నిండా ఇల్లే ఉంది, తమకంటూ ఒక పిట్టే లేదు. అందరినీ చూడటం గుణమే, కానీ ఆ అందరిలో తాను లేకపోతే దాన్ని గుణమని పొగిడేవాళ్లను నేను నమ్మను.

దీనికి జవాబు నాకు భారతంలోనే, అదే విలుకాడి దగ్గర దొరికింది. పిట్ట తల తప్ప ఏమీ చూడనివాడు కురుక్షేత్రంలో రథం మధ్యలో నిలిపించి చూశాడు. తాతలు కనిపించారు, గురువులు, మేనమామలు, అన్నదమ్ములు, కొడుకులు, స్నేహితులు కనిపించారు. గాండీవం చేజారింది. చిన్నప్పుడు అన్న చెప్పిన జవాబే ఇప్పుడు తమ్ముడికి ఎదురొచ్చింది. ద్రోణుడు నేర్పిన విద్య అక్కడ పనిచేయలేదు, పైగా ఆ గురువే ఎదుటి పక్షంలో విల్లు పట్టుకుని ఉన్నాడు. అప్పుడు రెండో గురువు కావాల్సి వచ్చింది. కృష్ణుడు ఏం చెప్పాడో గమనించండి. వాళ్లను చూడకు, పక్షి తలనే చూడు అనలేదు. బుజ్జగించి, వాదించి, పదకొండో అధ్యాయంలో సమస్తాన్నీ ఒక్కసారిగా చూపించాడు. అంతా చూసి, ఆ తర్వాత విల్లు ఎత్తమన్నాడు. చూపు మూసుకుని కొట్టడం మొదటి పాఠం, చూపు తెరుచుకుని చేయాల్సింది చేయడం రెండోది. రెండో పాఠం మొదటిదానికంటే కష్టం, మనం మొదటిదానితోనే బడి మూసేస్తున్నాం.

పదో తరగతి పిల్లలు తెలివైనవాళ్లు. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దంటారు, మళ్లీ ఆరువందలకు అయిదువందల తొంభై అంటారు, ఏది నిజం టీచర్ అని ఒకడు అడిగాడు. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నదాన్ని కాబట్టి వాడికి తెలిసినదే చెప్పాను. ఏప్రిల్ ఎండలో, తిరగని ఫ్యాను కింద, కట్టలో చివరి పేపరు దిద్దే మాస్టారి చెయ్యి నీ చేతిలో లేదు. జవాబు రాసే చెయ్యి నీది. గీత రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం లక్ష్యం వద్దనడం లేదు, ఏది నీదో ఏది కాదో తేల్చుకోమంటోంది. వాడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ, ఆ రోజు నుంచి నన్ను చూస్తే ఫ్యాను గుర్తొస్తుందనేవాడు.

ధ్రువుడి కథ కూడా మనం సగంలోనే ఆపేస్తాం. అయిదేళ్లవాడు సవతితల్లి మాటకు గాయపడి అడవికి పోవడం, నారదుడు మంత్రం ఇవ్వడం, విష్ణువు ప్రత్యక్షం కావడం, చుక్కగా నిలవడం. పోతన భాగవతం నాలుగో స్కంధంలో కథ ఇంకా ముందుకు నడుస్తుంది. రాజయ్యాక, తమ్ముడు ఉత్తముణ్ని వేటలో ఒక యక్షుడు చంపాడని ధ్రువుడు అలకాపురి మీదికి దండెత్తి, చేసినవాడూ చేయనివాడూ అని చూడకుండా యక్షుల్ని నరికేస్తాడు. దేవుణ్ని కళ్లారా చూసినవాడే. అప్పుడు తాత స్వాయంభువ మనువు స్వయంగా వచ్చి, ఒకడి తప్పుకు ఇంతమందినా, ఇక చాలు, ఆపమంటాడు. ధ్రువుడు ఆపుతాడు. నాకు ఆ కథలో అన్నిటికంటే గొప్ప ఘట్టం అదే. తపస్సు చేయించడానికి నారదులు ఊరూరా దొరుకుతున్నారు, ఫీజు తీసుకుని మరీ. చాలు ఆపు అనే తాత ఏ బడి స్టాఫు లిస్టులోనూ లేడు.

సర్కారు బడిలో ఇవన్నీ చెప్పొచ్చా అని అడిగేవాళ్లుంటారు. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది, అది మంచి కట్టుబాటు. మతాల గురించి తెలియజెప్పడం మతబోధ కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు అంది. నేను భారతాన్ని సాహిత్యంగా చెప్పాను, సమరయుడి కథ వస్తే దాన్నీ చెప్పనిచ్చాను. 2020 జాతీయ విద్యావిధానం నీతి కోసం పంచతంత్రం, జాతక కథలు, హితోపదేశం చదివించమంది. పంచతంత్రంలో నీతి అంటే ఎక్కువగా లౌక్యమేనన్నది వేరే సంగతి. ఇంటర్లో నైతికత, మానవ విలువలు అని పరీక్షే పెట్టారు, దానికీ గైడ్లు వచ్చాయి. గుణాన్ని పేపరు మీద దిద్దలేం. తరగతిలో ఎవరు ఎవరి మాట విన్నారు, ఎవరి కాగితం ఎవరు మార్పించారు అన్నదాంట్లో అది రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

ప్రధానోపాధ్యాయులకు ఒక్క మనవి. మీ టైంటేబుల్లో విలువల పీరియడ్ అని వారానికొకటి ఉంటుంది. ఫిబ్రవరి రాగానే సిలబస్ కాలేదని అది లెక్కలకో, సైన్సుకో పోతుంది. దాన్ని తీసుకోకండి. తీసుకోక తప్పదంటారా, తీసుకునే మాస్టారిని ముందు పిల్లల్ని అడగమనండి, వాళ్లు వద్దంటే వెనక్కి వెళ్లమనండి.